మూడు చుక్కలు

ఆగస్టు. మలూతి కొండల మీద మంచు ఇంకా కరగలేదు.
బడి వెనక పీచ్ చెట్లు మాత్రం
తొందరపడి గులాబీరంగు పూశాయి.
వాటికెవరూ లెక్కలు చెప్పినట్టు లేదు.

మాకు చెప్పింది మ్మే దిమకత్సో.
మా దగ్గర టీచరైనా, మేట్రనైనా,
బస్సులో పక్కసీటు ఆవిడైనా
మ్మేనే. అమ్మే.
ఆ పిలుపులో మెత్తదనం వెతుక్కున్నవాళ్ళకి
ఎర్రసిరా దొరికేది.

కననేలో పేపరు నాకింకా గుర్తుంది.
జవాబు సరిగ్గానే ఉంది: నలభై రెండు డిగ్రీలు.
కింద రెండు గీతలు కూడా గీసుకుంది, గర్వంగా.
ఐదుకి ఒకటి.
పక్కన రాసి ఉంది:
"కొండ మీద కనిపించావు, సరే.
దారేది? ఎగిరొచ్చావా?"

మేం ముగ్గురం వెళ్ళాం అడగడానికి.
ఆమె ఊరు గుర్రం మీద రెండు రోజుల దారి అన్నాం.
పన్నెండేళ్ళొచ్చేదాకా బళ్ళో పడలేదన్నాం.
దీపాలార్పాక దుప్పట్లో ఏడుస్తోందన్నాం.
ఒక్క మార్కు, మ్మే. పోనీ అర.

అంతా విన్నది. టీ పోసింది, చక్కెర ఎక్కువేసి.
మార్కు పెంచలేదు.
"ఏడుస్తోందని నాకూ తెలుసు.
వదిలేసిన ఆ రెండు మెట్లూ
మీలో ఎవరికి తెలుసు?"

నాకు తెలుసు. నాకు తొంభై ఒకటి.
సుద్దముక్క చేతిలో పెట్టి చెప్పమంది.
నోటి దాకా జవాబొచ్చింది, మాట రాలేదు.
"అలా... వచ్చేస్తుంది, మ్మే" అన్నాను.
"ఓహో" అంది.
ఆ రెండక్షరాలు ఎర్రసిరా కంటే ఎర్రగా ఉన్నాయి.
ఆ రాత్రి డార్మిటరీలో
ఏడ్చింది కననేలో ఒక్కతే కాదు.
ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు బోర్డు మీద మూడు చుక్కలు పెట్టింది.
పైన ఒకటి, కింద రెండు.
"ఏంటివి?"
"కాబట్టి" అన్నాం, గుంపుగా, నిద్రగా.
"ఇంకా?"
ఎప్పుడూ ఆకలితో ఉండే రెలెబొహిలే
"పొయ్యి రాళ్ళు" అంది.
క్లాసంతా పకపకా నవ్వింది.
మ్మే నవ్వలేదు.
"ఒకటి తీసి చూడండి,
కుండ ఎవరి కాళ్ళ మీద పడుతుందో."

అప్పట్నుంచి రాత్రిళ్ళు
ఒకే మంచం, ఒకే దుప్పటి, ఆరు కాళ్ళు.
నేను చెబుతాను.
"ఎందుకు?" అంటుంది కననేలో.
మళ్ళీ చెబుతాను.
"అదే, ఎందుకు?"
మేకపిల్ల తలతో పొడిచినట్టు, ఊరికే వదలదు.
రెలెబొహిలే ఇద్దరికీ నడుమ కునికిపాట్లు పడుతూ
తప్పు దొర్లినప్పుడు మాత్రం కళ్ళు తెరిచేది.
ఎలా కనిపెట్టేదో.
కొన్నిసార్లు విసుగొచ్చి పుస్తకం విసిరేశాను.
ఒకసారి చాలా పెద్ద మాట కూడా అన్నాను.
కననేలో పుస్తకం తీసుకొచ్చి
అదే పేజీ తెరిచింది.

ఒక రాత్రి తలుపు బయట కిరసనాయిలు హీటరు,
వెలిగించే ఉంది.
పొద్దున అడిగితే
"నా హీటరా? నాకు హీటరే లేదే" అంది మ్మే.
ఆ రోజు పెట్టిన పరీక్ష
అన్నిట్లోకీ కష్టమైనది.

నవంబరు. పెద్ద పరీక్ష.
బల్లకీ బల్లకీ మధ్య ఆవు పట్టేంత దూరం.
ఎనిమిదో లెక్క దగ్గర నేనాగిపోయాను.
మూడు వరసల ముందు కననేలో మెడ,
వంగిన భుజం, కదలని జడలు.
అటు చూడగానే చెవిలో ఆ మొండి గొంతు:
ఎందుకు?
ఎందుకంటే, అని మొదలుపెట్టింది నా పెన్ను.

ఆమెకెన్ని వచ్చాయని అడుగుతారు అందరూ.
మార్కులదేముందిలే అని తప్పించుకోను,
మ్మే వింటే ఊరుకోదు.
అరవై ఎనిమిది. నాకు ఎనభై నాలుగు.
తొంభై ఒకటి కంటే తక్కువే.
కానీ ఇప్పుడు సుద్దముక్క ఇచ్చి చూడండి.

ఇప్పుడు నేను డ్యామ్ దగ్గర నీళ్ళు కొలుస్తాను.
ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది,
ఏ గేటు ఎన్ని అడుగులు ఎత్తాలి.
రిజిస్టర్లో ఒక్క వరసైనా దాటేయను,
కింద లోయలో ఊళ్ళున్నాయి.
మూడు చుక్కలు పెట్టిన ప్రతిసారీ
పాదాలకి ఎవరివో చల్లటి పాదాలు తగులుతాయి,
గదంతా కిరసనాయిలు వాసన.